28 పేజీలు బయటికి రావడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది, వచ్చాక ఏం తేలింది

మీరు అడిగింది ఇదీ: 9/11 ఎంక్వైరీ రిపోర్టులో సౌదీ అరేబియా గురించిన 28 పేజీలు దాచేశారు కదా, ప్రెసిడెంట్ ఒక్క సంతకం పెడితే అయిపోయే పనికి పదమూడేళ్ళు ఎందుకు పట్టింది, బయటికొచ్చాక సౌదీ గవర్నమెంటే వెనకుండి చేయించిందని రుజువైనట్టేనా అని. రెండోదానికి సూటిగా చెప్పేస్తా, రుజువు కాలేదు, అలాగని ఏమీ లేదని కూడా తేలలేదు, కేసు ఇంకా కోర్టులోనే ఉంది. మొదటిదే కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది అర్థం కాకపోతే ఆ కాగితాలు చదివినా ఏదో ఒక వైపుకి కొట్టుకుపోతాం. ఇలాంటి ఫైళ్ళు చదవడం, నల్లగా కొట్టేసిన భాగాల మీద అప్పీళ్ళు రాయడం చాలా ఏళ్ళుగా నా పనిలో భాగం, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు వెనకటి సంగతి క్లుప్తంగా. 2001 సెప్టెంబర్ 11న విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో 15 మంది సౌదీ పౌరులు. చనిపోయింది 2,977 మంది. మరుసటి ఏడాది అమెరికా సెనేట్, ప్రతినిధుల సభ ఇంటెలిజెన్స్ కమిటీలు రెండూ కలిసి ఉమ్మడి విచారణ చేశాయి, సెనేట్ వైపు చైర్మన్ బాబ్ గ్రాహమ్, సభ వైపు పోర్టర్ గాస్, ఒకాయన డెమొక్రాట్, ఇంకొకాయన రిపబ్లికన్. 2002 డిసెంబర్‌కి రిపోర్ట్ పూర్తయింది, 800 పేజీల పైమాటే, కానీ 2003 జులైలో జనం చేతికి వచ్చిన కాపీలో నాలుగో భాగం దాదాపు మొత్తం కొట్టేసి ఉంది. ఆ భాగమే ఈ 28 పేజీలు. కొట్టేయమన్నది కమిటీలు కాదు, బుష్ గవర్నమెంట్. కారణం ఏం చెప్పారంటే సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో, ఎలా వచ్చిందో తెలిసిపోతుంది, టెర్రరిజం మీద పోరాటం దెబ్బతింటుంది అని. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది, ఆ పేజీలు బయటపెట్టమని సౌదీ వాళ్ళు కూడా అడిగారు, 2003 జులైలో వాళ్ళ విదేశాంగ మంత్రి సౌద్ అల్ ఫైసల్ వాషింగ్టన్ వచ్చి బుష్‌ని కలిసి మరీ అడిగాడు, ఖాళీ పేజీలకి మేం జవాబెలా చెప్పుకోవాలి అన్నది వాళ్ళ వాదన. బుష్ ఒప్పుకోలేదు. 46 మంది సెనేటర్లు సంతకాలు పెట్టి లెటర్ రాశారు, దానికీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు సంతకం సంగతి. చట్టం ప్రకారం మీరన్నది కరెక్టే, అమెరికాలో రహస్యాల వ్యవస్థ చాలావరకు పార్లమెంటు (అక్కడ కాంగ్రెస్ అంటారు) చేసిన చట్టం మీద కాదు ప్రెసిడెంట్ ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మీద నడుస్తుంది, ఇప్పుడు నడుస్తున్నది 2009 డిసెంబర్‌లో ఒబామా సంతకం పెట్టిన 13526 నంబరు ఆర్డర్. 1988లో సుప్రీంకోర్టు కూడా నేవీ వర్సెస్ ఈగన్ కేసులో ఈ అధికారం ప్రెసిడెంట్‌కి సైన్యాధిపతిగా రాజ్యాంగం నుంచే వస్తుందన్నట్టు చెప్పింది. అంటే తల్చుకుంటే ఆపేవాడు లేడు. కానీ ఆచరణలో ఏం జరుగుతుందంటే, ఒక కాగితంలో ఎవరి సమాచారం ఉంటే ఆ ముక్క మీద ఆ సంస్థకి మాట చెల్లుతుంది. ఒకే పేరాలో మొదటి వాక్యం ఎఫ్‌బీఐ ఇన్ఫార్మర్ చెప్పింది, రెండోది సీఐఏ రహస్య సందేశంలోంచి తీసింది, మూడోది వేరే దేశం పోలీసులు నమ్మి ఇచ్చింది అనుకోండి, ఆ పేరా మూడు చోట్లకీ తిరగాలి, మూడోదానికైతే ఆ దేశాన్ని కూడా అడగాలి, ఎందుకంటే అడక్కుండా బయటపెడితే రేపట్నుంచి వాళ్ళు ఏమీ ఇవ్వరు. ఇందులో నిజమైన ఇబ్బంది ఉంది, నేను కాదనను, ఒక ఇన్ఫార్మర్ పేరు బయటపడితే మనిషి ప్రాణం పోవచ్చు.

అయితే అసలు కిటుకు అక్కడ లేదు. రివ్యూ చేసే టేబుల్ దగ్గర కూర్చున్న అధికారి వైపు నుంచి చూడండి. బయటపెట్టొచ్చు అని రాసి రేపు ఏదైనా తేడా వస్తే వాడి ఉద్యోగం పోతుంది, వద్దు అని రాస్తే ఇరవై ఏళ్ళు గడిచినా ఎవరూ అడగరు, అడిగేవాడికి లోపల ఏముందో తెలియదు కాబట్టి వాదించనూ లేడు. అంటే వద్దు అనడానికి ఖర్చు సున్నా. ఆ ఖర్చు ఎవరో ఒకరు బయటినుంచి పెంచితే తప్ప ఏ కాగితమూ కదలదు, ఈ 28 పేజీల కథ మొత్తం అదే, నాకు అర్థమైనంతలో సౌదీ లాబీయింగ్ కంటే, చమురు కంటే కూడా ఇదే పెద్ద కారణం. 13526లోనే 1.7 అని ఒక సెక్షన్ ఉంది, చట్ట ఉల్లంఘనని కప్పిపుచ్చడానికో సంస్థకి తలవంపులొస్తాయనో ఏదీ రహస్యం చేయకూడదు అని అందులో స్పష్టంగా రాసుంది. కానీ తలవంపులొస్తాయి కాబట్టి దాస్తున్నాం అని ఏ ఆఫీసరైనా రాస్తాడా, అందరూ రాసేది జాతీయ భద్రత అనే.

తలవంపులు ఎవరికి అన్నది కూడా చూడాలి, అందరూ సౌదీకి అనుకుంటారు. కానీ హైజాకర్లలో ఇద్దరు, నవాఫ్ అల్ హజ్మీ, ఖలీద్ అల్ మిహ్దార్, 2000 జనవరి 15న లాస్ ఏంజిలిస్‌లో దిగినవాళ్ళు, తర్వాత పెంటగాన్‌ని గుద్దిన ఫ్లైట్ 77లో ఉన్నవాళ్ళు, కొన్నాళ్ళు శాన్ డియాగోలో అద్దెకున్నది ఎఫ్‌బీఐ ఇన్ఫార్మర్ ఇంట్లో. వాళ్ళు అదే జనవరిలో కౌలాలంపూర్‌లో అల్ ఖైదా మీటింగ్‌కి వెళ్ళిన సంగతి సీఐఏకి తెలుసు, అయినా వాచ్‌లిస్టులో పెట్టింది 2001 ఆగస్టులో. 28 పేజీల్లో కూడా ఎఫ్‌బీఐ మీద గట్టి మాటే ఉంది, సౌదీ మిత్రదేశం కాబట్టి సెప్టెంబర్ 11కి ముందు అమెరికాలో ఉన్న సౌదీ పౌరుల మీద ఎఫ్‌బీఐ పెద్దగా దృష్టే పెట్టలేదు అని. ఇప్పుడు చెప్పండి, ఈ పేజీలు బయటపెట్టాలా వద్దా అని ఎవర్ని అడుగుతున్నాం, ఎఫ్‌బీఐనీ సీఐఏనీనే కదా.

కాంగ్రెస్ ఏం చేసింది అంటారా. సభ్యులు చదవొచ్చు, కానీ కమిటీ పర్మిషన్ తీసుకుని, క్యాపిటల్ (పార్లమెంటు) భవనం కింద ఉండే భద్రమైన గదిలోకి వెళ్ళి, సహాయకుల్ని బయటే వదిలి, పక్కన ఒక మనిషి చూస్తుండగా చదివి రావాలి, ఒక్క ముక్క రాసుకోవడానికి లేదు. వాల్టర్ జోన్స్, స్టీఫెన్ లించ్, థామస్ మాసీ అలా చదివొచ్చి 2013 డిసెంబర్ నుంచి తీర్మానాలు పెట్టడం మొదలెట్టారు. మీకు ఇంకో అనుమానం రావచ్చు, సభలో మైకు పట్టుకుని చదివేస్తే ఏం చేస్తారు అని. నిజమే, 1971లో మైక్ గ్రావెల్ అనే సెనేటర్ పెంటగాన్ పేపర్స్ ని, అంటే వియత్నాం యుద్ధం మీద రహస్య పత్రాల్ని, సబ్‌కమిటీలో చదివి రికార్డుకెక్కించాడు, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు సభలో చేసిన పనికి కేసు పెట్టడానికి లేదంది. కాబట్టి జైలు భయం లేదు, కానీ సభ తనంతట తాను శిక్ష వేయొచ్చు, కమిటీ సీటు పోతుంది, ఇకమీద ఏ రహస్య ఫైలూ చూపించరు. పైగా నోట్సే లేకుండా 28 పేజీలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు. ఎవరూ ఆ పని చేయలేదు.

మరి కదిలించింది ఎవరంటే చనిపోయినవాళ్ళ కుటుంబాలు. నేను వాళ్ళకి దణ్ణం పెడతాను, ఊరికే అనడం లేదు. భర్తలు పోయిన ఆడవాళ్ళు, పిల్లలు పోయిన తల్లిదండ్రులు, వీళ్ళకి ఫైళ్ళ భాష తెలియదు, నేర్చుకున్నారు, ఏటా ప్రతి సెప్టెంబర్‌లో ప్రెసిడెంట్ తమ పక్కన నిలబడి ఫొటో దిగడానికి వచ్చినప్పుడల్లా ఇదే అడిగారు. బాబ్ గ్రాహమ్ కూడా రిటైర్ అయ్యాక ఊరుకోలేదు, 2024లో చనిపోయేదాకా ఇదే మాట్లాడాడు. 2016 ఏప్రిల్‌లో 60 మినిట్స్ టీవీ ప్రోగ్రాంలో ఆయనతో పాటు మరికొందరు కూర్చుని మాట్లాడేసరికి ఒబామా వైట్‌హౌస్ మీద ఒత్తిడి పెరిగింది, చివరికి 2016 జులై 15న కొన్ని చోట్ల నలుపుతో ఆ పేజీలు బయటికొచ్చాయి. శుక్రవారం రోజు, కాంగ్రెస్ సెలవులకి పోతున్న రోజు, పైగా అదే రాత్రి టర్కీలో సైనిక కుట్ర జరిగి వార్తలన్నీ అటు మళ్ళాయి, అందుకే చాలామందికి అవి వచ్చిన సంగతే తెలియదు.

సరే, లోపల ఏముంది. ఇక్కడ నెమ్మదిగా చదవాలి. మొదటి వాక్యం సారాంశం ఏమిటంటే, హైజాకర్లలో కొందరు అమెరికాలో ఉన్నప్పుడు సౌదీ గవర్నమెంట్‌తో సంబంధం ఉండే అవకాశమున్న వ్యక్తులతో మాట్లాడారు, వాళ్ళ నుంచి సాయం పొందారు. వెంటనే ఇంకొకటి, వాళ్ళలో కనీసం ఇద్దరు సౌదీ ఇంటెలిజెన్స్ అధికారులని కొందరు ఆరోపించినట్టు ప్రధానంగా ఎఫ్‌బీఐ సోర్సుల ద్వారా సమాచారం ఉంది అని. గమనించారా, రాసినవాళ్ళు అధికారులు అనలేదు, అధికారులని కొందరు అన్నట్టు సమాచారం ఉంది అన్నారు. మాయ చేయడానికి అలా రాయలేదు, అది ముడి ఇంటెలిజెన్స్, ఎవరో ఏదో చెప్పారు, రాసుకున్నాం, ఇంకా తేల్చలేదు అని. ఉమ్మడి విచారణ వాళ్ళే ఆ పేజీల్లో చెప్పుకున్నారు, వీటిని నిర్ధారించడం మా పని కాదు, ఎఫ్‌బీఐ, సీఐఏ లోతుగా చూడాలి అని. అది ఛార్జిషీటు కాదు, ఎక్కడెక్కడ తవ్వాలో చెప్పే పట్టిక.

ఆ పట్టికలో పెద్ద పేరు ఒమర్ అల్ బయూమీ. 2000 ఫిబ్రవరి 1న లాస్ ఏంజిలిస్‌లో ఒక రెస్టారెంట్‌లో హజ్మీ, మిహ్దార్ ని కలిశాడు, అనుకోకుండా కలిశానని చెప్పాడు, తర్వాత శాన్ డియాగోలో వాళ్ళకి అపార్ట్‌మెంట్ చూపించాడు, లీజు మీద తను కూడా సంతకం పెట్టాడు, బ్యాంక్ అకౌంట్ తెరవడానికి సాయం చేశాడు. ఇంకొకరు ఫహద్ అల్ తుమైరీ, లాస్ ఏంజిలిస్ సౌదీ కాన్సులేట్‌లో ఉద్యోగి, కల్వర్ సిటీ కింగ్ ఫహద్ మసీదులో ఇమామ్, 2003లో మళ్ళీ అమెరికాలోకి రానివ్వలేదు. వాషింగ్టన్‌లో సౌదీ రాయబారి ప్రిన్స్ బందర్ భార్య నుంచి ఒసామా బస్నాన్ అనే అతని భార్యకి వెళ్ళిన చెక్కుల గురించి ఉంది. 1999లో ఫీనిక్స్ నుంచి వాషింగ్టన్ వెళ్ళే విమానంలో ఇద్దరు సౌదీలు ఏవో టెక్నికల్ ప్రశ్నలు అడుగుతూ రెండుసార్లు కాక్‌పిట్ వైపు వెళ్ళబోతే పైలట్ ఎమర్జెన్సీగా దించేసిన సంఘటన ఉంది, టిక్కెట్లు సౌదీ ఎంబసీ కొనిపెట్టిందని వాళ్ళే చెప్పారట. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే.

ఇప్పుడు దాని పక్కన పెట్టి చదవాల్సింది 9/11 కమిషన్ అనే వేరే విచారణ సంఘం రిపోర్ట్, థామస్ కీన్, లీ హామిల్టన్ నడిపింది, 2004 జులైలో వచ్చింది. వాళ్ళు ఈ 28 పేజీల్లో ఉన్నవాటి వెంట పడ్డారు, బయూమీని, తుమైరీని సౌదీ వెళ్ళి మరీ ఇంటర్వ్యూ చేశారు. సౌదీ గవర్నమెంట్ ఒక సంస్థగా గానీ, పెద్ద అధికారులు వ్యక్తులుగా గానీ అల్ ఖైదాకి డబ్బిచ్చినట్టు ఆధారం దొరకలేదు అన్నారు, ఆ చెక్కుల డబ్బు కుట్రకి చేరినట్టు కూడా ఆధారం లేదన్నారు. చాలామంది ఇక్కడితో ఆపేసి సౌదీకి క్లీన్ చిట్ వచ్చేసిందంటారు, అది తప్పు చదువు. సంస్థగా, పెద్ద అధికారులు అన్న మాటల కింద చిన్నవాళ్ళు పట్టేంత చోటు వదిలారు, కాన్సులేట్‌లో చిన్న ఉద్యోగి సంగతేమిటి, తెలిసీ చేశాడా, ఎవరైనా చెబితే చేశాడా, ఆ ప్రశ్న అలాగే మిగిలింది. కమిషన్ అయిపోయాక కూడా ఎఫ్‌బీఐలో ఒక చిన్న టీమ్ దీన్నే పట్టుకుని పని చేసింది, దాని పేరు ఆపరేషన్ ఎన్‌కోర్.

ఈ మధ్యలో కోర్టు కథ కలిసింది. వేరే దేశం గవర్నమెంట్ మీద అమెరికా కోర్టులో దావా వేయడం మామూలుగా కుదరదు. కుటుంబాలు పోరాడి అలాంటి దావాకి దారిచ్చే జాస్టా అనే చట్టం తెచ్చుకున్నాయి, 2016 సెప్టెంబర్‌లో ఒబామా వీటో చేస్తే సెనేట్ 97 కి 1, సభ 348 కి 77 తో ఆ వీటోని కొట్టేశాయి, ఆయన ఎనిమిదేళ్ళలో వీటో ఓడిపోయింది అదొక్కసారే. కానీ దావా గెలవాలంటే కాగితాలు కావాలి, కాగితాలు గవర్నమెంట్ దగ్గరున్నాయి. 2019లో ట్రంప్ టైంలో ఒక పేరు కుటుంబాల లాయర్లకి ఇచ్చారు, మిగతా వాటికి అటార్నీ జనరల్ బార్ స్టేట్ సీక్రెట్స్ (దేశ రహస్యాలు, కోర్టుకి కూడా ఇవ్వం) అని అడ్డం పెట్టాడు. తర్వాత 2020లో ఎఫ్‌బీఐ కోర్టులో వేసిన అఫిడవిట్‌లో ఒకచోట నలుపు కొట్టడం మర్చిపోయారు, అదే పేరు, వాషింగ్టన్ ఎంబసీలో పనిచేసిన ఒక సౌదీ అధికారిది, జనం ముందు పడిపోయింది. దేశ భద్రతకి ప్రమాదమని కాపాడిన పేరు ఒక పొరపాటుతో బయటికొచ్చింది, వచ్చాక ఆకాశం విరిగి మీద పడలేదు.

2021 ఆగస్టులో దాదాపు 1,800 మంది బాధితులు, కుటుంబ సభ్యులు బైడెన్‌కి లెటర్ రాశారు, ఫైళ్ళు బయటపెట్టకపోతే ఇరవయ్యో వర్ధంతి కార్యక్రమాలకి మీరు రావద్దు అని. చూడండి, నేను పైన చెప్పిన ఖర్చు ఇదే. ప్రెసిడెంట్ రాకూడదని బాధితులే అంటే ఇక వద్దు అనడం ఖరీదైన పని అయిపోయింది. సెప్టెంబర్ 3న 14040 అనే ఆర్డర్ మీద సంతకం పడింది, బలమైన కారణం ఉంటే తప్ప 9/11 దర్యాప్తు సమాచారం బయటపెట్టాలి అని, ఆరు నెలల్లోపు విడతలవారీగా అని గడువులు కూడా పెట్టారు. ఇన్నేళ్ళు కదలని చోట సెప్టెంబర్ 11 రాత్రికే మొదటి కాగితం వచ్చేసింది.

ఆ మొదటి కాగితం 2016 ఏప్రిల్ 4 నాటి ఎఫ్‌బీఐ మెమో, 16 పేజీలు, నలుపు చాలానే ఉంది. లాస్ ఏంజిలిస్ కాన్సులేట్‌లో పనిచేసిన ఒక మనిషి అమెరికా పౌరసత్వానికి అప్లై చేస్తే 2015లో అతన్ని ఇంటర్వ్యూ చేశారు, దాని ఆధారంగా బయూమీ, తుమైరీ, హైజాకర్ల చుట్టూ ఉన్న ఫోన్ కాల్స్, పరిచయాలు రాసుకొచ్చారు, బయూమీ చేసిన సాయంలో అనువాదం, ప్రయాణం, వసతి, డబ్బు అన్నీ ఉన్నాయంటుంది. తర్వాత వచ్చిన 2017 నాటి కాగితం ఒకటి బయూమీకి సౌదీ ఇంటెలిజెన్స్ నుంచి నెలనెలా డబ్బు అందేదని చెబుతుంది. మరోవైపు 2021లో దర్యాప్తు మూసేస్తూ ఎఫ్‌బీఐ రాసిన మెమో కూడా అదే విడతల్లో వచ్చింది, సౌదీ గవర్నమెంట్ అధికారులు తెలిసి కుట్ర చేశారని కేసు పెట్టేంత ఆధారం లేదని. ఈ మూడూ ఒకే సంస్థ కాగితాలు. ఒకటి మాత్రమే పట్టుకుని వాదించేవాళ్ళని రెండు వైపులా చూశాను, మిగతా రెండూ చదివారా అని అడగండి చాలు.

ఇంకో ఉదాహరణ చెబుతా, ఫ్లోరిడాలో సారసోటా అనే ఊళ్ళో ఉండే ఒక సౌదీ కుటుంబం దాడికి రెండు వారాల ముందు ఇల్లు వదిలేసి వెళ్ళిపోయిందన్న విషయం మీద అక్కడి చిన్న వార్తా సంస్థ సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఎఫ్‌బీఐ మొదట మా దగ్గర ఏమీ లేవంది, దావా వేస్తే కొన్ని పేజీలు దొరికాయంది, జడ్జి గట్టిగా వెతకమంటే 80 వేలకు పైగా పేజీలు తెచ్చి కోర్టులో పెట్టింది. ఆ కొన్ని పేజీల్లో ఒకటి కుటుంబానికి హైజాకర్లతో చాలా సంబంధాలున్నాయని అంటుంది, తర్వాత ఎఫ్‌బీఐ అది సరిగ్గా రాయని కాగితం, ఆధారం లేదు అంది. లేవు అన్న మాటని మొదటిసారే నమ్మకూడదనడానికీ, దొరికిన కాగితంలో ఉన్నదంతా నమ్మకూడదనడానికీ ఈ ఒక్క కేసు చాలు.

ఇక మీరే చదవాలనుకుంటే, ఎఫ్‌బీఐ వాల్ట్ అనే వాళ్ళ సైట్‌లో 14040 ఆర్డర్ కింద వచ్చిన ఫైళ్ళు ఉన్నాయి, ఫ్రీగా దించుకోవచ్చు. నల్ల గడి కనపడగానే అక్కడ సౌదీ యువరాజు పేరుందని అనుకోకండి. గడి పక్కన చిన్న కోడ్ ఉంటుంది, బీ1 అంటే జాతీయ భద్రత, బీ3 అంటే వేరే ఏదో చట్టం దాచమంటోంది, బీ6, బీ7సీ అంటే మామూలు మనుషుల ప్రైవసీ, బీ7డీ అంటే రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్ళు, బీ7ఈ అంటే దర్యాప్తు పద్ధతులు. చాలా గడులు బీ6, బీ7సీలే, అంటే ఏజెంట్ల పేర్లు, పక్కింటివాళ్ళ పేర్లు, వాటి మీద టైం వేస్ట్ చేయకండి. బీ1 ఉన్న గడి మాత్రం గుర్తు పెట్టుకోండి, అదే విషయం వేరే కాగితంలో వేరే చేత్తో కొట్టి ఉంటారు, ఒకచోట మూసినది ఇంకోచోట సగం తెరిచి ఉంటుంది, ఒకే ఇంటర్వ్యూ రెండు మూడు మెమోల్లో వస్తుంది కాబట్టి తేదీ పట్టుకుని పక్కపక్కన పెట్టి చదివితే చాలా తెలుస్తుంది. ముందు 28 పేజీలు, తర్వాత కమిషన్ రిపోర్ట్ ఏడో అధ్యాయం, ఆ తర్వాత 2016 మెమో, చివర 2021 మూసివేత మెమో, ఈ వరసలో వెళ్ళండి.

కోర్టు సంగతి చెప్పి ఆపుతా. 2025 ఆగస్టు 28న న్యూయార్క్‌లో జడ్జి జార్జ్ డేనియల్స్ కేసు కొట్టేయమన్న సౌదీ పిటిషన్‌ని తిరస్కరించాడు, బయూమీ, తుమైరీల విషయంలో కుటుంబాలు చూపించిన ఆధారాలు కేసు ముందుకి వెళ్ళడానికి సరిపోతాయని. ఆ ఆధారాల్లో కొన్ని బ్రిటిష్ పోలీసులు 2001లో బర్మింగ్‌హామ్‌లో బయూమీ ఇంట్లో పట్టుకున్నవి, 1999లో అతను వాషింగ్టన్ క్యాపిటల్ చుట్టూ తిరిగి తీసిన వీడియో, విమానం బొమ్మ పక్కన లెక్క వేసిన కాగితం. టూరిస్టు వీడియో అని సౌదీ లాయర్లు అంటున్నారు, సౌదీ గవర్నమెంట్ మొదట్నుంచీ తమకేమీ సంబంధం లేదనే చెబుతోంది, జడ్జి ఇచ్చింది కూడా దోషి అన్న తీర్పు కాదు, ఈ కోర్టు విచారించవచ్చు అని మాత్రమే. ఇరవై ఏళ్ళకి పైగా పోలీసుల దగ్గర ఉన్న ఆ వీడియో మామూలు జనం చూసింది మాత్రం 2024లో, కోర్టు ఫైల్లోంచి బయటికొచ్చాకే.